బుల్లి ఇంజను డ్రైవరు సీటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మోడల్ ఇంజనీరింగ్ ప్రదర్శనల్లో మనుషులను ఎక్కించుకుని తిరిగే చిన్న ఆవిరి రైళ్ల గురించి పోయిన సంచికలో రాశాను. అవి చూడటానికి బొమ్మల్లా ఉన్నా వాటిలో మండేది నిజమైన బొగ్గు, పుట్టేది నిజమైన ఆవిరి. నడిపేవాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. నేనూ చాలాకాలంగా వాళ్లలో ఒకణ్ణి. ఆ వ్యాసం తరువాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘నేనూ నడపవచ్చా?’ అని అడిగినవే. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే కేటాయించాను.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగిని. ఇంజనీరింగ్ చదవలేదు. లేతు మిషను ఎప్పుడూ ముట్టలేదు. సొంత ఇంజను లేదు. ప్రదర్శన నిర్వాహకులు స్వచ్ఛంద సేవకులు కావాలని ప్రకటించారు. డ్రైవరుగా పేరిస్తే తీసుకుంటారా?

జవాబు: పేరు తప్పకుండా ఇవ్వండి. అయితే దరఖాస్తులో ‘డ్రైవరు’ అని రాయకుండా ‘ఏ పని అప్పగించినా చేస్తాను’ అని రాయండి. ప్రదర్శనలో తిరిగే ఇంజన్లలో అధికభాగం ఎవరో ఒకరి సొంతం. ఆ మనిషి ఏళ్ల తరబడి తీరిక దొరికినప్పుడల్లా రాగి రేకులు వంచి, వెండి కలిసిన టంకంతో బాయిలర్ అతికి, సిలిండర్లు తొలిచి, ఒక్కొక్క బోల్టు బిగించి దాన్ని తయారుచేసుకుని ఉంటారు. అలాంటి దాన్ని ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. క్లబ్బు సొంత ఇంజను అయినా సరే, సాధారణంగా బీమా వర్తించేది క్లబ్బు అనుమతి పొందిన డ్రైవర్లకే.

చదువు విషయానికి వస్తే, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు. నాకు తెలిసిన మంచి డ్రైవర్లలో సంగీతం నేర్పే ఆవిడ ఒకరు. ఆవిడ చెవి ఎంత చురుకైనదంటే, సిలిండర్లలోంచి వచ్చే ఛుక్ ఛుక్ శబ్దంలో నాలుగింట ఒకటి మందగించినా వెంటనే పట్టేస్తారు. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు చప్పుళ్లు వినిపించాలి. నాలుగూ సమానంగా లేకపోతే వాల్వులు సరిగా అమరలేదని అర్థం. ఈ సంగతి పుస్తకాల్లో చదివిన ఇంజనీర్లు చాలామందే ఉంటారు. బండి నడుస్తుండగా విని పట్టుకోగలిగేవాళ్లు తక్కువ.

మొదట మిమ్మల్ని పట్టాల పక్కన నిలబెడతారు, జనం అడ్డంగా నడవకుండా చూడమని. ఆ తరువాత స్టేషనులో ప్రయాణికులను ఎక్కించి దించే పని, ఆపైన గార్డు పని. మధ్యలో ఎప్పుడైనా ఇంజన్లకు నిప్పు రాజేసే చోట చేతిసాయం కావాలని పిలిస్తే ఆ అవకాశం వదులుకోకండి. అక్కడ బూడిద ఎత్తుతూ, నూనె డబ్బా అందిస్తూ నేర్చుకునేది మరెక్కడా దొరకదు. అటు తరువాత ప్రయాణికులు లేని బండిని యజమాని వెనుక కూర్చుని చూస్తుండగా నడుపుతారు, కొంతకాలానికి ప్రయాణికులతో నడుపుతారు. చివర్లో అనుభవం ఉన్నవారు పరీక్షించి అనుమతి ఇస్తారు. ఆ అనుమతి కూడా అన్ని ఇంజన్లకూ చెల్లదని గుర్తుంచుకోండి. ఒకే నమూనా చిత్రాల ఆధారంగా తయారైన రెండు ఇంజన్లు కూడా ఒకేలా ప్రవర్తించవు. ఒకదానికి పలచటి మంట చాలు, మరొకదానికి దట్టంగా ఉంటేనే ఆవిరి నిలుస్తుంది. కొత్త ఇంజను ఎక్కిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక ఉన్నవారికే ఈ పని నప్పుతుంది.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా నాన్నగారి నడుము ఎత్తు కూడా లేని ఇంజను పన్నెండు మందిని లాక్కుంటూ పోవడం చూశాను. అంత చిన్నది అంత బరువు ఎలా లాగగలదు?

జవాబు: చాలా మంచి ప్రశ్న వేశావమ్మా. కాగితం, పెన్సిలు తీసుకో, ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.

నువ్వు చూసినది అసలు ఇంజనుకు ఎనిమిదో వంతు కొలతలో చేసినది అనుకుందాం. 7¼ అంగుళాల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న పట్టాల మీద తిరిగే ఇంజన్లు చాలావరకు ఇంచుమించు ఆ కొలతలోనే ఉంటాయి. పొడవు ఎనిమిదో వంతు, వెడల్పు ఎనిమిదో వంతు, ఎత్తు ఎనిమిదో వంతు. బరువు మాత్రం ఎనిమిదో వంతు కాదు. 8ని 8తో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 8తో గుణిస్తే 512. కాబట్టి 100 టన్నుల ఇంజను సుమారు 195 కిలోలకు దిగుతుంది. అందులో 150 కిలోలు ఇంజను తిప్పే చక్రాల మీద పడుతున్నాయనుకో. పొడిగా ఉన్న ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం జారకుండా ఆ బరువులో ఐదో వంతు బలంతో లాగగలదు. అంటే 30 కిలోల బలం.

ఇప్పుడు బండి సంగతి. పన్నెండు మంది మనుషులు, పెట్టెలు కలిపి ఒక టన్ను అనుకుందాం. మంచి బేరింగులు ఉన్న పెట్టెలు సమతలమైన పట్టాల మీద దొర్లుతూ ఉండటానికి అందులో నూరో వంతు బలం చాలు, అంటే 10 కిలోలు. నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు ఎక్కాల్సి వస్తే ఇంకో 10 కిలోలు కలుస్తాయి. మొత్తం 20. ఇంజను దగ్గర 30 ఉంది కదా, అందుకే లాగేస్తుంది. చినుకులు పడి పట్టాలు తడిస్తే ఆ 30 సగానికి పడిపోవచ్చు. అప్పుడు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అలాంటి రోజు మేము పెట్టెలు తగ్గించుకుంటాం.

దీనికి సంబంధించిన మరో సంగతి నీకు నచ్చుతుందని చెబుతున్నాను. ఇంజనును ఎనిమిదో వంతుకు తగ్గించగలం కానీ నీళ్లను, నిప్పును, ఆవిరిని తగ్గించలేం. బాయిలర్ ఘనపరిమాణం 512వ వంతు అయితే దాని పైతలం 64వ వంతే అవుతుంది. అంటే లోపల ఉన్న నీటితో పోలిస్తే వేడి పోయే తలం ఎనిమిది రెట్లు ఎక్కువ. అందుకే చిన్న బాయిలర్ తొందరగా చల్లారుతుంది. అందులో నీళ్లూ తొందరగా తరిగిపోతాయి. పెద్ద రైలింజనులో బొగ్గు వేయడానికి ఫైర్‌మన్ వేరే ఉంటాడు, బండి నడపడానికి డ్రైవరు వేరే. ఇక్కడ రెండు పనులూ ఒక్కరివే, పైగా తప్పు సరిదిద్దుకోవడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ. చిన్న ఇంజను నడపడం తేలిక అనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ లెక్కే.

ప్రశ్న: ప్రదర్శన గేట్లు తెరవకముందే మీరంతా వచ్చేస్తారట. ఇంజను సిద్ధం చేయడానికి అంతసేపు ఏం చేస్తారు? వివరంగా రాయండి.

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. డ్రైవరు పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

నిప్పు కన్నా ముందు చూపు. ఇంజను చుట్టూ వంగి తిరుగుతూ నట్లు, పిన్నులు, బ్రేకు కడ్డీలు చూస్తాం. బాయిలర్ గొట్టాల్లో పేరుకున్న మసిని బ్రష్షుతో తోస్తాం. గొట్టాలు పూడుకుపోతే ఎంత మంచి బొగ్గు వేసినా ఆవిరి రాదు. ముందువైపున పొగపెట్టె తలుపు గాలి చొరబడకుండా బిగుసుకుందా అని చూస్తాం. తరువాత ఇరుసులకు, కడ్డీల కీళ్లకు మామూలు నూనె, సిలిండర్లకు వెళ్లే లూబ్రికేటర్‌లో చిక్కటి ఆవిరి నూనె. ఈ రెండూ తారుమారు కాకూడదు. ఆవిరి వేడికి మామూలు నూనె నిలవదు. ఆపైన బాయిలర్‌లో నీళ్లు, నీటిమట్టం చూపే గాజుగొట్టంలో సగం దాటేవరకు. సున్నం లేని మెత్తటి నీళ్లయితే బాయిలర్ ఆయుష్షు పెరుగుతుంది.

చల్లటి ఇంజనులో పొగ దానంతట అది పైకి లాగదు. బండి నడుస్తున్నప్పుడు సిలిండర్లలోంచి బయటకు ఉరికే ఆవిరి పొగగొట్టం గుండా పోతూ నిప్పు మీదకు గాలిని లాగుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఆ లాగుడు ఉండదు. అందుకని పొగగొట్టం మీద చిన్న విద్యుత్తు ఫ్యాను బిగిస్తాం. కిరోసిన్‌లో నానిన కర్రబొగ్గు వేసి అంటిస్తే ఫ్యాను లాగుడుకు భగ్గుమంటుంది. అది ఎర్రబడ్డాక రాతిబొగ్గు, ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టినది, పలచగా. నెమ్మదిగా ప్రెషర్ గేజ్ ముల్లు సున్నా నుంచి కదులుతుంది. చదరపు అంగుళానికి 20, 30 పౌండ్ల పీడనం చేరాక ఫ్యాను తీసేసి ఇంజను సొంత బ్లోయరు తెరుస్తాం. సన్నటి ఆవిరి ధార పొగగొట్టంలోకి చిమ్ముతూ ఫ్యాను చేసిన పనే చేస్తుంది. అక్కడి నుంచి ఇంజను తన ఊపిరి తాను తీసుకుంటుంది. చిన్న ఇంజను అయితే అంటించిన అరగంట లోపే సిద్ధం. పెద్దదైతే ఇంకొంత సమయం పడుతుంది.

పీడనం పెరుగుతున్నంతసేపూ నేను చూసేది గాజుగొట్టాన్ని. బాయిలర్‌లో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపేది అదొక్కటే. పెన్సిలు కన్నా సన్నగా ఉంటుంది. అంత సన్నటి గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుని, లేని నీటిని ఉన్నట్టు చూపగలదు. కింది కుళాయి తిప్పి గొట్టాన్ని ఒకసారి ఖాళీ చేసి మూసేయాలి. నీరు చప్పున ఎగిసి మునుపటి చోట నిలబడితే సరే. మెల్లగా పాకుతూ వస్తే దారిలో ఏదో అడ్డుపడిందని అర్థం, ఆ ఇంజను ఆ పూట కదలకూడదు. బండి నడుస్తున్నప్పుడు ఇంకో గుర్తు ఉంది. పట్టాల అతుకుల మీద కుదుపుకు గొట్టంలో నీరు కిందికీ పైకీ ఊగుతూ ఉండాలి. ఊగుతుంటే నమ్మవచ్చు. బండి కుదుపుతున్నా నీరు కదలకుండా నిలిచిపోతే వెంటనే అనుమానించాలి.

బాయిలర్‌లోకి నీరు పంపే మార్గాలు కనీసం రెండు ఉండాలి, రెండూ పనిచేస్తున్నాయని బయలుదేరకముందే చూసుకోవాలి. సాధారణంగా ఒకటి చేతిపంపు, రెండోది ఇంజెక్టరు. ఇరుసుతో నడిచే పంపు కూడా చాలా ఇంజన్లకు ఉంటుంది. ఇంజెక్టరు ఒక అద్భుతం. అందులో కదిలే యంత్రభాగాలేవీ ఉండవు. బాయిలర్‌లోని ఆవిరే సన్నటి దారిలో వేగం పుంజుకుని, చల్లటి నీటిని తనతోపాటు లాక్కుని, తిరిగి అదే బాయిలర్‌లోకి నెడుతుంది. పనిచేస్తున్నప్పుడు సన్నగా కూనిరాగం తీస్తుంది. ఒంటికి వేడెక్కితే మొండికేస్తుంది. అప్పుడు దాని మీద చల్లటి నీళ్లు పోస్తే మళ్లీ దారికి వస్తుంది.

ఇక మంట గురించి. ప్రయాణికులు ఎక్కాక కంగారుపడి పార నిండా బొగ్గు గుప్పించేవారిని చూస్తుంటాను. పైన వేసిన పచ్చి బొగ్గు వేడిని మింగేస్తుంది, మంట చల్లబడుతుంది, పీడనం పడిపోతుంది. పసిబిడ్డకు చిన్న చిన్న ముద్దలు పెట్టినట్టు కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి. అదీ ఎప్పుడు? ఎత్తు ఎక్కుతున్నప్పుడు కాదు, దానికి కాస్త ముందు. నీళ్లు పంపేది మంట తెల్లగా వెలుగుతున్నప్పుడు. ముందుచూపు లేకపోతే ఆవిరి ఇంజను నడవదు.

ప్రశ్న: రెండు ప్రదర్శనల్లో సేవ చేశాను. రెండుసార్లూ నన్ను గార్డుగానే ఉంచారు. నాకన్నా తరువాత చేరినవారు డ్రైవరు పక్కన శిక్షణ పొందుతున్నారు. చాలా నిరాశగా ఉంది. మానేయాలా?

జవాబు: మానేయవద్దు. మీ నిరాశ నాకు అర్థమవుతోంది. ఎవరిని ఎప్పుడు శిక్షణకు తీసుకుంటారో క్లబ్బు బాధ్యులను నేరుగా అడగండి. స్వచ్ఛంద సేవకుల శిక్షణకు వరుసక్రమం ఉండాలి, అది అందరికీ తెలియాలి. దాన్ని అడగటంలో తప్పేమీ లేదు. మౌనంగా బాధపడి వెళ్లిపోతే మీకూ నష్టం, వాళ్లకూ నష్టం.

అయితే గార్డు పనిని తక్కువ చేసి చూడటం మాత్రం నేను ఒప్పుకోను. డ్రైవరు ముఖం ముందుకు ఉంటుంది. కళ్లు పట్టాల మీద, ప్రెషర్ గేజ్ మీద, గాజుగొట్టం మీద. వెనుక ఏమవుతోందో అతనికి తెలియదు. ఎత్తుగా కట్టిన పట్టాల మీద నడిచే బండిలో ప్రయాణికులు అటూ ఇటూ కాళ్లు వేసుకుని పెట్టె మీద కూర్చుంటారు. పట్టాల మధ్య దూరం 5 అంగుళాలు, మనిషి భుజాల వెడల్పు అంతకు మూడు రెట్లకు పైనే. ఒకరు ఫొటో కోసం పక్కకు ఒరిగితే చాలు, పెట్టె బరువు పక్కకు మళ్లుతుంది. అలా ఒరగబోయే మనిషిని ముందే గుర్తించి, చేయి ఎత్తి, అవసరమైతే బ్రేకు వేసి ఆపేది గార్డు. వేలాడే జడ, పైనుంచి జారే బట్ట, కిందికి జారిన పసివాడి కాలు, ఇవన్నీ గార్డు కళ్లకే కనిపిస్తాయి. గార్డు పచ్చజెండా ఊపేవరకు నేను రెగ్యులేటరు (సిలిండర్లలోకి ఆవిరి వదిలే మీట) ముట్టను. వెనుక ఉన్నది ఎవరో తెలిశాకనే నా మనసు నిప్పు మీద నిలుస్తుంది. మంచి గార్డు ఉన్న రోజు నా నడక వేరు, లేని రోజు వేరు.

గార్డుగా ఉన్నంతకాలం మీరు ఒక పని చేయండి. బండి బయలుదేరేటప్పుడు పెట్టెల మధ్య కొక్కేలు ఎలా బిగుసుకుంటున్నాయో గమనించండి. నేర్పున్న డ్రైవరు అయితే ముందు కొక్కేలన్నీ ఒక్కొక్కటిగా సాగుతాయి, ఆ తరువాతే బండి కదులుతుంది. ప్రయాణికుల తలలు వెనక్కి ఊగవు. ఎవరు ఎలా ఆపుతున్నారో, ఎత్తు దగ్గర ఎవరి ఇంజను ఊపిరి బిగపడుతోందో చూడండి. డ్రైవరు సీటులో కూర్చుంటే తన నడక తనకు తెలియదు. వెనుక కూర్చున్నవారికి అందరి నడకా తెలుస్తుంది. రేపు మీరు నడిపేటప్పుడు మీ వెనుక ఉన్న ప్రయాణికుల ఒంటికి ఏమి తెలుస్తుందో మీకు ముందే తెలిసి ఉంటుంది.

ప్రశ్న: మా పిల్లలు ఆ రైలు ఎక్కుతామని గొడవ చేస్తున్నారు. బాయిలర్ పేలితే అన్న భయంతో నేను ఎక్కనివ్వలేదు. నా భయం అర్థం లేనిదా?

జవాబు: అర్థం లేనిది కాదమ్మా. చదరపు అంగుళానికి 100 పౌండ్ల పీడనం దగ్గర బాయిలర్‌లో నీటి ఉష్ణోగ్రత 170 డిగ్రీల సెల్సియస్. ఆ నీరు ఒక్కసారిగా బయటపడితే అందులో కొంత భాగం తక్షణం ఆవిరవుతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. మీరు భయపడినదాన్నే మేమూ భయపడతాం. ఆ భయం నుంచే నియమాలన్నీ పుట్టాయి.

బ్రిటన్‌లోని మోడల్ ఇంజనీరింగ్ సంఘాల నియమావళి ఇలా ఉంటుంది. కొత్త బాయిలర్‌ను మొదట పూర్తిగా చల్లటి నీటితో నింపి, అది పనిచేయాల్సిన పీడనానికి రెట్టింపు పీడనం ఇచ్చి పరీక్షిస్తారు. ఆ తరువాత నిర్ణీత కాలానికోసారి ఒకటిన్నర రెట్లతో. నీటితోనే ఎందుకంటే, నీరు దాదాపుగా కుదించుకుపోదు. ఎక్కడైనా అతుకు విడిపోయినా కొంచెం నీరు కారి పీడనం పడిపోతుంది, పేలదు. రెండోది ఆవిరి పరీక్ష. మంట బాగా పెట్టి, బ్లోయరు పూర్తిగా తెరిచి, సేఫ్టీ వాల్వులు ఆవిరి వదులుతుండగా చూస్తారు. పీడనం నిర్ణయించిన దానికన్నా పదిశాతం మించి పెరగకూడదు. పెరిగితే ఆ వాల్వులు చాలవన్నమాట. ధ్రువపత్రం గడువు దాటిన ఇంజనును ప్రదర్శనలో అంటించనివ్వరు. మీరు అడిగితే నిర్వాహకులు ఆ పత్రం చూపించాలి. మొహమాటపడకుండా అడగండి.

డ్రైవరు విషయంలో కూడా ఒక కఠినమైన నియమం ఉంది. గాజుగొట్టంలో నీరు కనిపించకుండా పోతే, ఎంతవరకు ఉందో తేల్చుకోలేకపోతే, బండి ఆపి మంటను కిందికి లాగేయాలి. నీటి పొర లేని రాగి రేకు మంట వేడికి మెత్తబడిపోతుంది, కాబట్టి ఆ స్థితిలో చల్లటి నీళ్లు పంపే ప్రయత్నం కూడా చేయకూడదు. ఎంతమంది వరుసలో నిలబడి ఉన్నా, ఎవరు తొందరపెట్టినా, ఇందులో సర్దుబాటు లేదు.

ఇంతా చెప్పాక నా అభిప్రాయం కూడా చెబుతాను. పరీక్షలు జరిగిన ఇంజను వెనుక కూర్చున్న పిల్లలకు ఎక్కువగా పొంచి ఉన్న ప్రమాదం బాయిలర్ కాదు. కాలు కిందికి జారడం, పక్కకు ఒరగడం, బండి ఆగకముందే దిగబోవడం. పిల్లల్ని ఎక్కించండి. వాళ్ల ముందో వెనుకో మీరూ కూర్చోండి. గార్డు చెప్పినది పిల్లలు వినకపోతే మీరు వినిపించండి.

ప్రశ్న: ఈ అభిరుచి ఎప్పుడు మొదలైంది? అంత చిన్న ఇంజను మనిషిని లాగగలదని మొదట నిరూపించింది ఎవరు?

జవాబు: ఒక్కరి పేరు చెప్పలేం కానీ రెండు తేదీలు గుర్తుంచుకోదగినవి. పెర్సివల్ మార్షల్ 1898లో లండన్‌లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక ప్రారంభించారు. అదే ఏడాది అక్కడ మోడల్ ఇంజనీర్ల సంఘం కూడా ఏర్పడింది. 1920ల్లో ‘ఎల్‌బీఎస్‌సీ’ అనే కలంపేరుతో రాసిన రచయిత ఒకరు ‘ఆయేషా’ అనే ఇంజనును తయారుచేశారు. పట్టాల మధ్య దూరం కేవలం 2½ అంగుళాలు. ఆ కొలతలో ఇంజన్లను స్పిరిట్ దీపాలతో నడపడమే సబబని పలువురు నమ్ముతున్న రోజుల్లో, అసలు రైలింజను తరహా బాయిలర్‌లో బొగ్గు మండించి, పెద్దమనిషిని వెనుక కూర్చోబెట్టుకుని లాగి చూపించారు. ఇప్పుడు ప్రదర్శనల్లో తిరిగే ప్రతి బొగ్గు ఇంజనులోనూ ఆ పట్టుదల ఉందని నేను భావిస్తాను. 1969 నుంచి ఇంజన్ల సామర్థ్యానికి అంతర్జాతీయ పోటీ కూడా జరుగుతోంది. తూచి ఇచ్చిన బొగ్గుతో ఎవరు ఎక్కువ పని రాబట్టారన్నది కొలిచే ఈ పోటీలో వేగానికి విలువ లేదు. నా దృష్టిలో డ్రైవరు నేర్పుకు అంతకన్నా నిజాయితీ గల పరీక్ష లేదు.

ప్రశ్న: కూత ఎప్పుడు వేయాలి? పిల్లలు అడిగినప్పుడల్లా వేయవచ్చా?

జవాబు: బయలుదేరే ముందు, పట్టాలను జనం దాటే చోటుకు చేరకముందు, సొరంగంలో ప్రవేశించే ముందు తప్పనిసరి. పిల్లల కోసం స్టేషనులో ఒకసారి వేయండి, వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. అయితే ప్రతి కూతకూ ఆవిరి ఖర్చవుతుంది. పైగా ఊరికే మోగుతుంటే నిజంగా హెచ్చరించాల్సిన క్షణంలో ఎవరూ తల తిప్పి చూడరు.

ప్రశ్న: బండి కదిలించే మొదటి క్షణంలో ఏమేం చేయాలో క్రమంగా చెప్పగలరా? రేపు మొదటిసారి యజమాని పక్కన కూర్చోబోతున్నాను.

జవాబు: శుభం. మీ ఇంజను యజమాని చెప్పినదే మీకు ప్రమాణం. నేను పాటించే క్రమం మాత్రం ఇది.

సిలిండర్ల కింద ఉండే డ్రెయిన్ కుళాయిలు తెరిచి ఉన్నాయా అని ముందు చూస్తాను. చల్లటి సిలిండర్‌లోకి వెళ్లిన ఆవిరి నీరుగా మారుతుంది. నీరు కుదించుకుపోదు కనుక పిస్టను దాన్ని గుద్దితే కడ్డీ వంగవచ్చు, సిలిండరు మూత పగలవచ్చు. బండి ముందుకా వెనక్కా అన్నది, సిలిండర్లలోకి ఎంతసేపు ఆవిరి వెళ్లాలన్నది నిర్ణయించే రివర్సరు లివరు పూర్తిగా ముందుకు. బ్లోయరు కొంచెం తెరిచి. బ్రేకు వదిలి, తల వెనక్కి తిప్పి గార్డు జెండా చూసి, కూత వేసి, అప్పుడు రెగ్యులేటరును వేలితో తట్టినంత మెల్లగా తెరుస్తాను. డ్రెయిన్ కుళాయిల నుంచి తెల్లటి ఆవిరి, నీరు చిమ్ముతాయి. ఎదురుగా ఎవరైనా నిలబడి ఉంటే కాళ్లు కాలుతాయి, కాబట్టి అటువైపు చూడటం మరవకండి. చక్రాలు జారితే రెగ్యులేటరు మూసి మళ్లీ మెల్లగా తెరవాలి. జారుతుండగా ఇంకా తెరవడం వల్ల పట్టాలు, చక్రాలు అరుగుతాయే తప్ప బండి కదలదు. పది పన్నెండు మీటర్లు నడిచాక చిమ్మే ఆవిరిలో నీరు కనిపించదు. అప్పుడు కుళాయిలు మూసి, లివరును కొంచెం కొంచెంగా మధ్యకు లాగుతాను. సిలిండర్‌లోకి తక్కువ ఆవిరి వెళ్లి, అదే వ్యాకోచించి ఎక్కువ పని చేస్తుంది. ఛుక్ ఛుక్‌లో గరుకుదనం తగ్గి మెత్తబడుతుంది.

ఆపడానికి రెగ్యులేటరు మూసేముందు బ్లోయరు తెరవడం మరవకండి. లాగుడు ఒక్కసారిగా ఆగితే మంట తలుపులోంచి మీ చేతుల మీదకు రావచ్చు.

ప్రశ్న: ఏ బట్టలు వేసుకుని వెళ్లాలి? వెంట ఏం తీసుకెళ్లాలి?

జవాబు: మందపాటి నూలు బట్టలు. నిప్పురవ్వ పడితే నూలు కాలుతుంది, కృత్రిమ దారం అయితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. వేళ్లు కప్పే తోలు బూట్లు, తోలు చేతితొడుగులు, పొగగొట్టం నుంచి ఎగిరే నుసి కళ్లలో పడకుండా కళ్లద్దాలు. నూనె తుడుచుకోవడానికి పాత గుడ్డలు ఎన్ని ఉంటే అంత మంచిది. తాగడానికి నీళ్లు విడిగా పెట్టుకోండి. మంట ముందు కూర్చుంటే దాహం తెలియకుండానే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. సాయంత్రం మంట దించి, బూడిద తీసి, గొట్టాలు మరోసారి బ్రష్షుతో తోసి, ఇంజను పూర్తిగా తుడిచాకనే ఇంటికి బయలుదేరాలి. అందుకని తిరుగు ప్రయాణానికి ఆలస్యంగా వెళ్లే బస్సే చూసుకోండి.